ప్రీప్రింట్లకు యంత్ర పరిశీలన: వైజ్ఞానిక పారదర్శకత చరిత్రలో ఒక ఘట్టం

వ్యాససంగ్రహం:
పత్రికలో ప్రచురితం కాకముందే, సమీక్షకుల పరిశీలనకు లోనుకాకముందే బహిరంగంగా అందుబాటులోకి వచ్చే పరిశోధన వ్యాసాన్ని ప్రీప్రింట్ అంటారు. 2020లో కోవిడ్ ప్రీప్రింట్లను కంప్యూటర్ సాధనాలతో చదివించి, వాటి పారదర్శకతపై నివేదికలు వెలువరించిన ప్రయత్నం వైజ్ఞానిక ప్రచురణ చరిత్రలో గమనింపదగినది. దాని పూర్వరంగాన్ని, ఫలితాలను, పరిమితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. యంత్రం ఎంత సరిగ్గా చదువుతుందన్న దానికంటే, దాని నివేదిక ఎవరి చేతికి, ఏ దశలో, ఏ హోదాలో చేరుతుందన్నదే ఈ చరిత్రలో ప్రధాన వివాదమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ప్రీప్రింట్, పారదర్శకత, పునర్నిరూపణీయత, స్వయంచాలిత పరిశీలన, దత్తాంశం, సమీక్ష.

1. సాక్షి నుండి పాఠానికి

ప్రయోగాన్ని స్వయంగా చూడని వ్యక్తి దానిని ఎందుకు నమ్మాలి? పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ ఈ ప్రశ్నకు తన రచనా పద్ధతి ద్వారానే సమాధానమిచ్చాడు. రాబర్ట్ హుక్ సహాయంతో నిర్మించిన వాయుపంపుపై చేసిన ప్రయోగాలను 1660లో ప్రచురించినప్పుడు, పరికరం నిర్మాణాన్ని చిత్రంతో సహా వర్ణించాడు. ప్రయోగాల క్రమాన్ని విసుగు పుట్టేంత విస్తారంగా రాశాడు. విఫలమైన ప్రయత్నాలనూ దాచలేదు. స్టీవెన్ షేపిన్, సైమన్ షాఫర్ 1985లో వెలువరించిన గ్రంథంలో ఈ పద్ధతిని ఒక విధమైన పరోక్ష సాక్ష్యంగా విశ్లేషించారు. ప్రయోగశాలలో లేని పాఠకుడు వివరాల సమృద్ధి వల్ల తానూ అక్కడ ఉన్నట్లే భావిస్తాడన్నది వారి వాదన. అదే గ్రంథం మరొక చేదు నిజాన్ని కూడా చూపింది. కేవలం వర్ణన చదివి ఆ పంపును మరొకచోట నిర్మించి పనిచేయించడం సాధ్యపడలేదు. అసలు పంపును కళ్లారా చూసినవారి తోడ్పాటు కావలసి వచ్చింది.

చేసినదంతా చెప్పడం పారదర్శకత. చెప్పినదానిని బట్టి మరొకరు మళ్లీ చేసి అదే ఫలితం పొందగలగడం పునర్నిరూపణీయత. మొదటిది లేనిదే రెండవది సాధ్యం కాదు, కానీ మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది సిద్ధించదు. బాయిల్ కాలం నాటి ఈ వ్యత్యాసాన్ని మరచిపోతే నేటి స్వయంచాలిత సాధనాలు ఏమి కొలుస్తున్నాయో అర్థం కాదు.

2. ముందుగా పంచుకోవడం

ప్రీప్రింట్ ఇంటర్నెట్ కాలపు సృష్టి అని సాధారణంగా భావిస్తారు. వాస్తవానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు 1961లోనే 'సమాచార వినిమయ బృందాలు' అనే పేరుతో జీవశాస్త్రవేత్తల మధ్య అముద్రిత వ్యాసాలను తపాలా ద్వారా పంచే ప్రయోగం ప్రారంభించాయి. క్రమంగా 3,600 మందికి పైగా శాస్త్రవేత్తలు దానిలో చేరారు. 2,500కు పైగా పత్రాలు చేతులు మారాయి. అలా పంచిన వ్యాసాలను స్వీకరించబోమని పత్రికలు తీర్మానించడంతో 1967 నాటికి ఆ ప్రయోగం ముగిసింది. అది తన లోపాల వల్ల కాక పత్రికల నిరాకరణ వల్ల ఆగిపోయిందన్నది గుర్తుంచుకోదగిన విషయం.

భౌతికశాస్త్రంలో పరిస్థితి వేరు. 1991 ఆగస్టులో లాస్ అలమోస్‌లో పాల్ గిన్స్‌పార్గ్ ప్రారంభించిన వ్యాసభాండారం తరువాత 'ఆర్కైవ్' పేరుతో స్థిరపడి, 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి తరలింది. జీవశాస్త్రానికి 2013 నవంబరులో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాల 'బయోఆర్కైవ్'ను ఏర్పాటు చేసింది. వైద్యశాస్త్రానికి 'మెడ్‌ఆర్కైవ్' 2019 జూన్‌లో వచ్చింది. అది వచ్చిన ఏడాది లోపే మహమ్మారి విరుచుకుపడింది. తొలి కోవిడ్ కేసు నిర్ధారణ అయిన పది నెలల్లో ఆ వ్యాధిపై 1,25,000కు పైగా వ్యాసాలు రాగా, వాటిలో 30,000కు పైగా ప్రీప్రింట్లేనని తరువాతి అధ్యయనం లెక్కగట్టింది. ఈ భాండారాలలో చేరే ప్రతి వ్యాసాన్నీ మనుషులు చూస్తారన్నది నిజమే. కానీ వారు చూసేది అది శాస్త్రీయ రచనేనా, గ్రంథచౌర్యం ఉందా, ప్రజారోగ్యానికి హాని కలిగించే సూచన ఉందా అన్నంతవరకే. పద్ధతి సమగ్రంగా చెప్పారా లేదా అన్నది ఆ పరిశీలన పరిధిలో లేదు.

3. నమ్మకం సడలిన దశాబ్దం

ఈలోగా మరొక కథ సమాంతరంగా నడిచింది. 2012లో ఆమ్‌జెన్ సంస్థ శాస్త్రవేత్తలు క్యాన్సర్ పరిశోధనలో మైలురాళ్లుగా భావించిన 53 అధ్యయనాలను పరీక్షించగా ఆరింటి ఫలితాలు మాత్రమే నిర్ధారణ అయ్యాయని ప్రకటించారు. 2015లో మనోవిజ్ఞానశాస్త్రంలోని 100 అధ్యయనాలను ఒక పెద్ద బృందం మళ్లీ నిర్వహించింది. మూల అధ్యయనాలలో 97 శాతం గణాంకపరంగా సార్థక ఫలితాన్ని చూపగా, పునరావృత అధ్యయనాలలో 36 శాతమే అలా చూపాయి. ఈ అంకెలపై వాదోపవాదాలు నేటికీ ఉన్నాయి. అయితే చాలా వ్యాసాలలో మళ్లీ చేయడానికి కావలసిన వివరాలే లేవన్న విషయంపై మాత్రం పెద్దగా విభేదం లేదు.

దీనికి మొదట తోచిన మందు సరిచూపు పట్టిక. వైద్య ప్రయోగాల నివేదనకు 1996లో 'కన్సార్ట్', జంతు ప్రయోగాలకు 2010లో 'అరైవ్' మార్గదర్శకాలు వెలువడ్డాయి. జంతువులను వర్గాలుగా యాదృచ్ఛికంగా విభజించారా, ఏది ఏ వర్గమో తెలియకుండా ఫలితాలు నమోదు చేశారా, నమూనా పరిమాణాన్ని ఎలా నిర్ణయించారు వంటి ప్రశ్నలు వాటిలో ఉంటాయి. పట్టిక నింపమని రచయితలను నిర్బంధిస్తే నివేదన మెరుగవుతుందా అన్నదానిని ఒక బృందం నేరుగా పరీక్షించింది. ఒక పత్రికకు వచ్చిన వ్యాసాలను యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి, ఒక భాగం రచయితలను మాత్రమే 'అరైవ్' పట్టిక సమర్పించమని కోరారు. 2019లో వెలువడిన ఫలితం నిరుత్సాహపరచింది: రెండు భాగాలలోనూ మార్గదర్శకాలను పూర్తిగా పాటించిన వ్యాసం ఒక్కటీ లేదు. పట్టిక నిండింది, వ్యాసం మాత్రం మారలేదు. నింపినదానిని వ్యాసంతో పోల్చి చూసే తీరిక సంపాదకులకూ సమీక్షకులకూ లేకపోతే మరోలా జరుగుతుందని ఆశించడం కష్టం. యంత్రానికి చోటు ఏర్పడింది ఈ ఖాళీలోనే.

4. చదివే యంత్రాలు: 2016 నాటి వివాదం

యంత్రాలు మొదట వెదికినది మోసాన్ని. అర్థంలేని వాక్యాలతో వ్యాసాన్ని అల్లే 'సైజెన్' అనే ప్రోగ్రామును మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ విద్యార్థులు 2005లో పరిహాసంగా తయారు చేశారు. ఆ ప్రోగ్రాము అల్లిన 120కి పైగా పత్రాలు సుప్రసిద్ధ ప్రచురణ సంస్థల సదస్సు సంపుటాలలో చేరినట్లు 2014లో ఫ్రాన్సుకు చెందిన సిరిల్ లాబే బయటపెట్టాడు. అదే శాస్త్రవేత్త, ఆస్ట్రేలియాకు చెందిన జెనిఫర్ బైర్న్‌తో కలిసి మరొక సాధనం రూపొందించాడు. వ్యాసంలో పేర్కొన్న న్యూక్లియోటైడ్ వరుసలను వెలికితీసి, రచయితలు చెప్పిన జన్యువుకే అవి సరిపోతున్నాయా అని అది సరిచూస్తుంది.

చరిత్ర దృష్ట్యా వీటికంటే ముఖ్యమైనది నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన 'స్టాట్‌చెక్'. దాని పని చాలా సరళం. వ్యాసంలో ఇచ్చిన పరీక్షా సంఖ్య, స్వేచ్ఛాపరిమాణాలను బట్టి పి-విలువను తిరిగి లెక్కించి, రచయిత ముద్రించిన విలువతో పోలుస్తుంది. లెక్కల మాస్టారు విద్యార్థి నోటుపుస్తకం దిద్దినట్లన్నమాట. 1985-2013 మధ్య ఎనిమిది మనోవిజ్ఞాన పత్రికలలో వచ్చిన రెండున్నర లక్షలకు పైగా పి-విలువలను మిషెల్ నౌటెన్ బృందం ఇలా పరీక్షించింది. ఈ రకం గణాంకాలున్న వ్యాసాలలో సగానికి కనీసం ఒక పొరపాటు ఉందని, ఎనిమిదింట ఒకదానిలో నిర్ధారణనే మార్చగల తప్పు ఉందని తేలింది.

ఇంతవరకు వివాదం లేదు. 2016 ఆగస్టులో క్రిస్ హార్ట్‌గెరింక్ అనే యువ పరిశోధకుడు దాదాపు 50,000 వ్యాసాలపై ఈ సాధనాన్ని నడిపి, ప్రతిదానిపై వచ్చిన నివేదికను వ్యాసాలపై బహిరంగ చర్చకు ఉద్దేశించిన ఒక వేదికలో ఉంచాడు. రచయితలకు తమ పేరుతో ఉన్న వ్యాసంపై యాంత్రికంగా తయారైన సందేశం అందింది. తప్పులేమీ కనిపించని వ్యాసాలకూ నివేదిక వచ్చింది. సాధనం గుర్తించలేని సవరణలు చేసినందువల్ల సరైన లెక్కే తప్పుగా నమోదైన సందర్భాలూ ఉన్నాయి. ముందుగా రచయితలను సంప్రదించకపోవడాన్ని, యంత్రం పొరబడే అవకాశాన్ని తగినంతగా తెలుపకపోవడాన్ని జర్మన్ మనోవిజ్ఞాన సంఘం ఆక్షేపించింది. ముద్రితమైన లెక్క ప్రజల సొత్తు, దానిని సరిచూడటానికి ఎవరి అనుమతి అక్కర్లేదన్నది మరొక పక్షం వాదన.

రెండు వాదనలలోనూ న్యాయం ఉంది. ముద్రిత పాఠాన్ని పరీక్షించే హక్కును ఎవరూ కాదనలేరు. అయితే ఆ నివేదికలు చేరిన సమయమే సమస్యను పెంచింది. ఎన్నో ఏళ్ల క్రితం ముద్రితమైన వ్యాసంలో చిన్న దశాంశ దోషాన్ని ఎత్తిచూపితే రచయిత చేయగలిగినది స్వల్పం. పోయే పరువు మాత్రం ఎక్కువ. అదే సంవత్సరం 'సైకలాజికల్ సైన్స్' పత్రిక ఇదే సాధనాన్ని అచ్చుకు ముందు సమీక్షా దశలో వాడటం మొదలుపెట్టింది. అక్కడ ఇటువంటి అలజడి లేదు. సాధనం మారలేదు. అది పలికిన ఘడియ మారింది.

5. 2020: ముసాయిదా దశలో నివేదిక

ప్రీప్రింట్‌కు ఒక ప్రత్యేక స్థితి ఉంది: అది బహిరంగం, అయినా అసంపూర్ణం. రచయిత దానిని సవరించి మరొక పాఠాన్ని ఉంచవచ్చు. షాయమ్ సలాడి రూపొందించిన 'జెట్‌ఫైటర్' ఈ అవకాశాన్ని 2020కి ముందే ఉపయోగించుకుంది. ఇంద్రధనుస్సు రంగుల వర్ణపటంతో గీసిన చిత్రాలను బయోఆర్కైవ్ వ్యాసాలలో గుర్తించి రచయితలకు తెలియజేయడం దాని పని. ఆ వర్ణపటం వర్ణాంధత ఉన్నవారికి అర్థం కాదు; మామూలు చూపు ఉన్నవారికీ దత్తాంశంలో లేని అంచులు ఉన్నట్లు చూపుతుంది.

కోవిడ్ కాలంలో బెర్లిన్ శాస్త్రవేత్త ట్రేసీ వైస్‌గెర్బర్ తదితరులు ఇటువంటి సాధనాల నిర్మాతలను ఒక కార్యబృందంగా కూడగట్టారు. 'స్క్రీన్‌ఐటి' పేరుతో సాధనాలన్నింటినీ వరుసగా నడిపి, కొత్తగా వచ్చే ప్రతి కోవిడ్ ప్రీప్రింట్‌కు ఒక నివేదిక తయారుచేసి బహిరంగ వ్యాఖ్యగా జతచేశారు. వీటిలో 'సైస్కోర్' పద్ధతుల భాగం చదివి యాదృచ్ఛిక విభజన, నమూనా పరిమాణం, నైతిక అనుమతి వంటి అంశాలు ప్రస్తావితమయ్యాయా అని చూస్తుంది. వాడిన యాంటీబాడీలకు, కణశ్రేణులకు గుర్తింపు సంఖ్యలు ఇచ్చారా అని కూడా చూస్తుంది. 'ఆడ్‌పబ్' దత్తాంశం, కోడ్ బహిరంగంగా ఉంచారా అని వెదుకుతుంది. 'లిమిటేషన్ రికగ్నైజర్' అధ్యయన పరిమితులను ఒప్పుకున్న వాక్యాలను పట్టుకుంటుంది. 'బార్జూకా' చిత్రాలను పరిశీలిస్తుంది. బార్జూకా వెనుక చిన్న చరిత్ర ఉంది. అవిచ్ఛిన్న దత్తాంశాన్ని కమ్మీ రేఖాచిత్రంగా గీస్తే ఎంత సమాచారం మరుగున పడుతుందో వైస్‌గెర్బర్ బృందం 2015లోనే శరీరధర్మశాస్త్ర పత్రికల 703 వ్యాసాల పరిశీలనతో చూపింది. పూర్తిగా భిన్నమైన దత్తాంశాలు ఒకే సగటును, ఒకే కమ్మీని ఇవ్వగలవు. సగటు ముప్పై ఏళ్లున్న ఇంట్లో అందరూ ముప్పై ఏళ్లవారే కావచ్చు, లేదా తాతామనుమలు మాత్రమే ఉండవచ్చు.

2021 జనవరిలో 'నేచర్ మెడిసిన్' పత్రికలో ఈ బృందం ప్రకటించిన లెక్కలు 2020 జూలై మధ్య వరకు వచ్చిన ఆరు వేలకు పైగా ప్రీప్రింట్లకు సంబంధించినవి. దత్తాంశాన్ని బహిరంగంగా ఉంచినవి సుమారు 14 శాతం. కోడ్ ఉంచినవీ సుమారు అంతే. కనీసం ఒక పరిమితినైనా ఒప్పుకున్నవి దాదాపు మూడవ వంతు. కమ్మీ రేఖాచిత్రాల దురుపయోగం 7 శాతం పైచిలుకు వ్యాసాలలో కనిపించింది. రోజుల వ్యవధిలో ప్రపంచ వైద్య విధానాలను ప్రభావితం చేస్తున్న వ్యాసాలలో మూడింట రెండు వంతులు తమ పరిమితి ఒక్కటి కూడా ప్రస్తావించలేదన్నది ఈ లెక్కలలో కలవరపెట్టే అంశం.

అయితే ఇది మహమ్మారి తొందరపాటు ఫలితమేనని తేల్చడం సరికాదు. సైస్కోర్ నిర్మాతలు 2020లో పదిహేను లక్షలకు పైగా ముద్రిత వ్యాసాలను ఇదే దృష్టితో కొలిచారు. 1997 నుండి సగటు అంకె రెట్టింపుకు మించి పెరిగినా, 2019 నాటికి అది పదింట సగానికి చేరలేదు. అంటే సమీక్ష దాటి అచ్చయిన వ్యాసాల పరిస్థితి కూడా గర్వించదగినదిగా లేదు.

తమ సాధనాలు పొరబడతాయని కార్యబృందం దాచలేదు. ఒక అంశం ఆ వ్యాసానికి వర్తిస్తుందో లేదో కూడా యంత్రం ఎల్లవేళలా నిర్ణయించలేదు. గణిత నమూనాతో వ్యాధి వ్యాప్తిని అంచనా వేసే వ్యాసంలో యాదృచ్ఛిక విభజన ఏదని అడగడం అర్థరహితం. మనిషి ఒక్క చూపులో గ్రహించే ఈ సంగతి ప్రోగ్రాముకు కొరుకుడు పడదు.

6. మూడు ఉదంతాలు

యంత్రం చూపు ఎక్కడ ఆగుతుందో ఆ కాలపు మూడు ఉదంతాలు స్పష్టం చేస్తాయి.

2020 జనవరి 31న ఢిల్లీకి చెందిన ఒక పరిశోధక బృందం బయోఆర్కైవ్‌లో ఒక వ్యాసం ఉంచింది. కొత్త కరోనా వైరస్ ముల్లు ప్రోటీనులోని నాలుగు చిన్న భాగాలకు, హెచ్.ఐ.వి. ప్రోటీన్లకు అసాధారణ పోలిక ఉందని అది పేర్కొన్నది. అంత పొట్టి వరుసలు అనేక జీవుల ప్రోటీన్లలో కాకతాళీయంగా కనిపిస్తాయని ఇతర శాస్త్రవేత్తలు వెంటనే చూపారు. రెండు రోజులలో, ఫిబ్రవరి 2న, రచయితలే వ్యాసాన్ని ఉపసంహరించుకున్నారు. ఇందులో దోషం అన్వయంలో ఉంది. పరిశీలనా సాధనాలు అడిగే ప్రశ్నలలో ఏదీ దానిని తాకదు. అదే సమయంలో, వాడిన వరుసలు బహిరంగంగా ఉన్నందువల్లనే ఖండన అంత వేగంగా సాధ్యమైంది.

రెండవది ప్రీప్రింట్ కానే కాదు. 2020 మే 22న 'లాన్సెట్' పత్రిక హైడ్రాక్సీక్లోరోక్విన్‌పై ఒక వ్యాసం ప్రచురించింది. 671 ఆసుపత్రులలోని 96,032 మంది రోగుల వివరాలపై ఆధారపడినట్లు అది చెప్పుకున్నది. ఆ వివరాలను స్వతంత్ర పరిశీలకులకు చూపడానికి సర్జిస్ఫియర్ అనే సంస్థ నిరాకరించడంతో జూన్ 4న వ్యాసం ఉపసంహృతమైంది. సమీక్షకులు దత్తాంశాన్ని చూడలేదు. చూడాలన్న నియమమూ లేదు. ఇక్కడ 'దత్తాంశం అందుబాటులో ఉందా' అన్న నిరాడంబరమైన ప్రశ్నే కీలకమై నిలిచింది.

మూడవది ఐవర్‌మెక్టిన్‌కు సంబంధించిన ఈజిప్టు ప్రీప్రింట్. 2020 నవంబరులో వెలువడిన ఆ వ్యాసం ఔషధం అద్భుతంగా పనిచేసిందని ప్రకటించింది. పలు సమష్టి విశ్లేషణలు దానిని తమ లెక్కలో చేర్చుకున్నాయి. లండన్‌లోని ఒక స్నాతకోత్తర విద్యార్థి దాని దత్తాంశ ఫైలును తెరిచి చూడగా, అధ్యయనం ప్రారంభానికి ముందే మరణించినట్లు నమోదైన రోగులు, ఒకరి వివరాలే మరొకరికి నకలు చేసినట్లున్న వరుసలు బయటపడ్డాయి. 2021 జూలైలో ప్రీప్రింట్ భాండారం ఆ వ్యాసాన్ని తొలగించింది. దత్తాంశం ఉందా లేదా అని మాత్రమే చూసే సాధనం అటువంటి ఫైలును అనుకూలాంశంగా నమోదు చేస్తుంది. ఫైలు తెరిచి చదివినది ఒక మనిషి. అయితే తెరవడానికి ఒక ఫైలు ఉండటమే ఆ పనిని సాధ్యం చేసింది.

7. సూచన తీర్పుగా మారినప్పుడు

భారతీయ పరిశోధక విద్యార్థికి యంత్ర పరిశీలన అనగానే స్ఫురించేది సారూప్య శాతం. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 జూలైలో జారీ చేసిన నిబంధనలు గ్రంథచౌర్యాన్ని నాలుగు స్థాయిలుగా విభజించాయి. సారూప్యం 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10-40 మధ్య ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి సమర్పించాలి. 40-60 మధ్య ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలు లేదు. 60 దాటితే నమోదు రద్దవుతుంది. మరుసటి సంవత్సరం ఇన్‌ఫ్లిబ్‌నెట్ 'శోధ్‌శుద్ధి' పథకం ద్వారా విశ్వవిద్యాలయాలకు ఇందుకు కావలసిన సాఫ్ట్‌వేర్ అందించింది. ఉల్లేఖనలను, ఆధారసూచికను, పారిభాషిక పదాలను, వరుసగా పద్నాలుగు పదాల వరకు ఉండే కాకతాళీయ పోలికలను లెక్కించరాదని నిబంధనలే చెబుతున్నాయి. అంటే వచ్చిన అంకెను చదివి నిర్ణయించడానికి మనిషి ఉంటాడన్నది వాటి అంతరార్థం. ఆచరణలో అంకెను తగ్గించడమే లక్ష్యమయ్యే ప్రమాదం ఉంది. పర్యాయపదాలు మార్చితే శాతం తగ్గుతుంది, ఆలోచన సొంతమవదు. ఆంగ్లంలో ఈ ధోరణి ఎంత దూరం వెళ్లిందో గియోమ్ కబానాక్, సిరిల్ లాబే, అలెగ్జాండర్ మగజినోవ్ 2021లో చూపారు. 'కృత్రిమ మేధ' అనవలసిన చోట 'నకిలీ చైతన్యం' వంటి వింత పదబంధాలున్న వ్యాసాలు వారికి గుట్టలుగా దొరికాయి.

పారదర్శకతా సాధనాలకూ ఇదే గతి పట్టవచ్చు. 'దత్తాంశం కోరినవారికి అందజేయబడును' అన్న వాక్యం చేర్చితే మొక్కుబడి తీరుతుంది, దత్తాంశం కదలదు. ఆడ్‌పబ్ వంటివి కోరితే ఇస్తామన్న హామీని బహిరంగ దత్తాంశంగా లెక్కించకపోవడం ఈ ఎత్తును కొంత అడ్డుకుంటుంది. కానీ ఉద్యోగ నియామకంలోనో పదోన్నతిలోనో ఈ అంకె ప్రవేశించిననాడు కొత్త ఎత్తులు పుట్టకుండా ఉండవు. కోవిడ్ నివేదికలకు ఉన్న మేలు వాటి వెంట ఏ శిక్షా లేకపోవడంలో ఉంది. రచయిత వాటిని అంగీకరించవచ్చు, తోసిపుచ్చవచ్చు, 'ఈ అంశం నా అధ్యయనానికి వర్తించదు' అని బదులివ్వవచ్చు.

ఇప్పటివరకు ప్రస్తావించిన సాధనాలు ప్రధానంగా ఆంగ్లంలో రాసిన జీవ, వైద్య, మనోవిజ్ఞాన వ్యాసాలను చదవడానికి రూపొందాయి. తెలుగులో వెలువడే పరిశోధన వ్యాసాలకు అవి వర్తించవు. వర్తింపజేయాలన్నా మొదటి అవరోధం పద్ధతిలో కాక అక్షరంలో ఉంది. యూనికోడ్‌కు మారని పాత ఫాంట్లలో కూర్చిన సిద్ధాంత గ్రంథాన్ని కంప్యూటర్‌కు చదవమని ఇస్తే, తెరపై మనకు కనిపించే తెలుగు దానికి తెలుగుగా అందదు. పొంతన లేని రోమన్ అక్షరాల, గుర్తుల వరుసగానే అందుతుంది.